రిలే గుట్ట మీది గొంతు

కళ్యాణదుర్గం నుంచి అనంతపురం వచ్చే దోవలో, ఎడంపక్క ఒక రాళ్లగుట్ట ఉండాది. దాని నెత్తిన టవరు, టవరు కింద ఒక్క గది. ఒకప్పుడు చుట్టుపక్కల పల్లెలకంతా ప్రభుత్వ టీవీ బొమ్మ ఆడ్నుంచే రిలే అయి వచ్చేది. ఇంటింటికీ డిష్షులొచ్చినాక దాన్ని మూసేసినారు. మిషన్లు ఎత్తకపోయినారు, కరెంటు తీసేసినారు, తలుపుకు బీగమేసినారు.

అయినా పొద్దుగూకితే ఆ గుట్ట కింద ఎవరూ ఆగరు.

ఆ మూసిన గదిలోంచి ఆడమనిషి గొంతు వస్తాదంటారు... వార్తలు చదివినట్టు, నింపాదిగా. అది విన్న గొర్రెలాయన ఒకడు మందను యాడిదాడ వదిలేసి పరిగెత్తినాడు. జరమొచ్చి మంచం పట్టినాడు. మళ్లీ ఆ పక్క గొర్రెలు తోలలేదు.

ఈ సంగతులేవీ అప్పటికి సుష్మకు తెలియవు. అనంతపురంలో అదే ప్రభుత్వ టీవీలో స్థానిక వార్తలు చదువుతాది. నాకు ఇదంతా చెప్పింది ఆమే.

వానలేక వాడిపోయిన చెనిక్కాయ చేలను చూపించాలని, కెమెరామన్ జయచంద్రతో కలిసి ఆ పక్కకు పోయింది. తిరిగొస్తాంటే సరిగ్గా గుట్ట కిందనే జీపు టైరు పంచరైంది. స్టెప్నీలోనూ గాలి లేదు. జయచంద్ర టైరు ఊడదీసుకుని, పంచరేయించుకొచ్చేకి అటు పోయే లారీ ఎక్కినాడు. జీపు దిగొద్దని మాత్రం చెప్పినాడు. ఎందుకో చెప్పలేదు.

చీకటి పడింది. దూరంగా గాలిమరల మీద ఎర్రలైట్లు వెలిగి ఆరతాండాయి. గాలి తప్ప ఇంకో చప్పుడు లేదు...

అప్పుడు వినపడింది.

"కనబడుటలేదు..."

సుష్మ తల తిప్పింది. గుట్ట మీంచే.

"పేరు ఓబిలేష్. వయసు ఇరవై. చామనఛాయ. ఎడమ చెంప మీద కాలిన మచ్చ..."

ఆమె చేతులు చల్లబడినాయి. దెయ్యమేమో అని కాదు — ఆ గొంతు తనదే. మాట చివర కొంచెం సాగదీసే అలవాటు తనదే. మధ్యలో ఊపిరి పీల్చుకునే తీరూ తనదే.

కొత్తగా చేరినప్పుడు ఇట్లాంటి ప్రకటనలు ఎన్నో చదివింది. చదవడం, మరిచిపోవడం. ఎవడో పాత రికార్డింగు పెట్టి నన్ను బెదిరిస్తాండాడు అనుకుంది. నా గొంతుతోనా... భయం కంటే కోపమే ముందొచ్చింది. ఫోన్ లైటు వేసుకుని గుట్ట ఎక్కింది.

ఎక్కేకొద్దీ గొంతు దగ్గరైంది.

"ఎక్కడున్నా ఇంటికి రావలసిందిగా తల్లి తిమ్మక్క..."

టక్కున ఆగిపోయింది. మాట మధ్యలో.

గది ముందర ఎవరో కూచోనుండారు.

లైటు అటు కొట్టి చూస్తే ఒక పెద్దామె. చెవి తలుపుకు ఆనించి, కండ్లు మూసుకోనుండాది. సుష్మకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. ఈమే ఫోన్లో రికార్డు చేసుకుని ఈడకొచ్చి పెట్టుకుంటాండాదన్న మాట. పక్కన కూర్చుని, ఆ ఫోనొకసారి చూపించు పెద్దమ్మా అనడిగింది.

"నాకాడ ఫోన్ యాడిదమ్మా?" గుసగుసగా అనింది ఆమె. "నేనూ వినేకే వస్తాండా. నా కొడుకు పేరు సదువుతాదని."

సుష్మ లైటు తలుపు మీదికి తిప్పింది. తుప్పు పట్టిన బీగం... దాని మీద సాలెగూడు. పగిలిన కిటికీలోంచి లోపలికి చూసింది. ఉత్త గది. నేలంతా దుమ్ము — దాని మీద ఒక్క అడుగు గుర్తు లేదు.

తిమ్మక్కది గుట్ట అవతలి పల్లె. బోరులో నీళ్లు పడలేదని ఇంట్లో మాటామాటా పెరిగి కొడుకు యాడికో పోయినాడంట. టీవీలో ఒకే ఒక్కసారి చెప్పినారంట. కొన్నాళ్లకే ఈ టవరు గదిని మూసేసినారు. మూసినప్పట్నుంచే దీపాల యాళకు ఈ గొంతు వస్తాందనీ, రోజూ చివరిదాకా చదువుతాదనీ చెప్పింది.

"ఈ పొద్దు సగంలో ఆగిపోయినాది. ఎప్పుడూ ఇట్ల కాల్యా." ఆమె తలుపుకు మళ్లీ చెవి ఆనించింది. "నా బిడ్డకేమన్నా..."

కొంగు నోట్లో కుక్కుకునింది.

ఆ ప్రకటన చదివింది తానేనని చెప్పేకి సుష్మకు నోరు రాలేదు. చెయ్యి పట్టుకుని కిందికి దించింది. అప్పటికి జయచంద్ర వచ్చి టైరు బిగిస్తాండాడు. ఇద్దరి మొగాలూ చూసి, ఆమెను ఇంటికాడ దింపుదామని జీపును పల్లె దోవ పట్టించినాడు. దోవ పొడుగునా తిమ్మక్క కొంగు నోట్లో కుక్కుకునే ఉండాది.

ఇంటి ముందర జీపు ఆగింది. లోపల లైటు వెలుగుతాండాది.

"నేను లైటార్పి, తలుపేసే వచ్చినా..." అనింది తిమ్మక్క.

గడప మీద ఒక మనిషి కూచోనుండాడు. తల, కనుబొమలు, చేతులు — అంతా తెల్లగా. తలెత్తినాడు. ఎడమ చెంప మీద మచ్చ.

తిమ్మక్క దగ్గరికి పోయి మొగమంతా తడిమింది. మెడ తడిమింది. ఒళ్లు వెచ్చగా ఉండాదని తెలిసినాకే ఏడ్చింది.

ఇన్నాళ్లూ తాడిపత్రిలో బండల పాలిష్ పనిలో ఉండాడంట. ఒంటి మీద తెల్లగా ఉండేది రాతిదుమ్మే. సుష్మ తేలిగ్గా ఊపిరి వదిలింది. నవ్వుతా ముందుకొచ్చి, ఇన్నేండ్లకు ఇంటికి రావాలని ఎట్ల అనిపించింది తమ్ముడూ, అనడిగింది.

ఆ గొంతు వింటూనే ఓబిలేష్ ఉలిక్కిపడినాడు. తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుని, వెనక్కి జరిగినాడు.

"రోజూ దీపాల యాళకు మిషన్ల చప్పుట్లోంచి నన్ను పిలుస్తాండేది... నువ్వే కదక్కా?"