పుట్టింటి పుస్తె

జంషెడ్‌పూర్లో సైరను కూస్తేనే తెల్లవారినట్టు. ఊరంతా డ్యూటీలకు పరిగెత్తే వేళ, భీమారావు మాత్రం ఎవరి కూతా పట్టించుకోకుండా బాగ్‌బేరాలో తన కంసాలి కొట్టు తీసేవాడు. ఇరవై ఏళ్లుగా అతనికి పై అధికారి అంటే గడప తొక్కినవాళ్లే. 1963 జనవరిలో ఢిల్లీ నుంచి ఇంకో అధికారి దిగాడు, చట్టం రూపంలో. ఇక మీదట కొత్త నగ ఏదైనా పద్నాలుగు క్యారెట్లు దాటకూడదు.

ఆ తర్వాతి నెలలో ఒక ఉదయం పక్క వీధి అసిరమ్మ రెండు పాత ఉంగరాలు కొంగున కట్టుకుని వచ్చింది. కూతురి పెళ్లి దగ్గర పడింది. పుస్తెలు రెండు కదా, ఒకటి అత్తింటిది, ఒకటి పుట్టింటిది. మగపెళ్లివారు వాళ్ల ముసలమ్మ నాటి పచ్చటి మేలిమి పుస్తె తెస్తున్నారట. దాని పక్కన కూతురి పుట్టింటి పుస్తె వెలవెలబోకూడదని ఆవిడ బెంగ.

భీమారావు చట్టానికి తలవంచి ఒక ఉంగరం కరిగించి రాగి కలిపాడు. చేతికి అలవాటైంది మెత్తటి బంగారం. ఆ లెక్కనే దాగలి మీద సుత్తి వేశాడు. రాగితో గట్టిపడ్డ బిళ్ల అంచున పటుక్కున చీలింది.

"పెల్లికి ముందే పుస్తె పగిలిపోనాది బావూ!" అసిరమ్మ బావురుమంది.

ఆ కేకకు కొడుకు సూర్యం ఇంట్లోంచి వచ్చాడు. కంపెనీ ఆఫీసులో గుమాస్తా, సైకిలు పట్టుకుని డ్యూటీకి బయల్దేరుతున్నాడు.

"చెప్పాను కదా నాన్నా, కొట్టు మూసెయ్. కార్ఖానాలో ఖలాసీ నౌకరీ మాటాడి పెట్టాను. బంగారం కోసం దేశం సొమ్ము బయటికి పోతంది. కానూన్ సబ్‌కే లియే, చట్టం అందరికీ ఒకటే."

"ఆ కానూను నా సేతులకి సెప్పు. ఉంగరం అసిరమ్మది, పిల్ల అసిరమ్మది, సుత్తి నాది. మద్దిన ఢిల్లీకి ఏటి పని?"

"ఎవరికి తోచినట్టు వాళ్లు చేస్తే దేశం ఏమైపోవాలి?"

తల్లి జగదాంబ చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. "మొన్న చైనా యుద్దానికి బంగారం అడిగినారు. రెండు గాజులూ తీసిచ్చినాను. రసీదు నువ్వే రాసినావు. అడిగితే ఇచ్చినోల్లమేరా. ఇది అడగడం కాదు."

సూర్యం చూపు కొట్టులోకి మళ్లింది. తండ్రి చీలిన అంచును బొటనవేలితో రుద్దుతూనే ఉన్నాడు, అతుక్కుంటుందేమో అన్నట్టు.

రెండో సైరను కూసింది. సూర్యం సైకిలు గోడకు ఆనించి, కొట్టు తలుపు మూసి, కుంపటి ముందు కూర్చున్నాడు. పన్నెండేళ్లప్పుడు నాకొద్దని విసిరేసిన ఊదుగొట్టం చేతిలోకి తీసుకున్నాడు.

"రెండో ఉంగరం ఇయ్యి అసిరమ్మత్తా. రాగి వద్దు."

"నీ నౌకరీ ఏటవుతాదిరా?" అన్నాడు భీమారావు.

"ముందు ఊదడం చెప్పు."

"బుగ్గలు పగిలేలా కాదు. మెల్లగా, పాలు సల్లార్సినట్టు."

మధ్యాహ్నానికి పుస్తె పచ్చగా దిగింది. అసిరమ్మ కళ్లకద్దుకుని వెళ్లిపోయింది. భీమారావు సుత్తిని పాత పంచెగుడ్డలో చుట్టి అటక మీద పెట్టాడు.

"రేపు నీ ఖలాసీ పనికి వత్తాను. రోజూ తలుపు మూసుకుని సెయ్యలేం. ఇంకెవరి పుస్తే నా సేతిలో పగలకూడదు."

నెల రోజులుగా సూర్యం పోరి పోరి అడిగింది ఆ మాటే. ఇప్పుడది విని, తండ్రి మోకాళ్ల మీద తల పెట్టి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.