బానెట్ మీద దుప్పటి

మునిరత్నమ్మ శవాన్ని నడవలో చాప మీద పడుకోబెట్టారు. కుడి చెయ్యి తిన్నగా చాచి ఉంది. ఎడమ చేతి వేళ్లు మాత్రం దేన్నో పట్టుకోబోయి ఆగిపోయినట్టు వంగి ఉన్నాయి.

సబ్‌ఇన్‌స్పెక్టర్ పరంధామయ్య ఆ వేళ్లనే చాలాసేపు చూశాడు.

1978 డిసెంబరు మొదటివారం. భాకరాపేట ఘాట్ పైన, కొండ మీద, ఎగువపల్లె. తుఫాను వానకు మట్టిదారి బురదయింది. పోలీసు వ్యాను వంక దగ్గరే కూరుకుపోయింది. అక్కణ్ణుంచి ఆయన నడిచే వచ్చాడు. ప్యాంటు మోకాళ్లదాకా తడిసింది. మధ్యాహ్నమైనా చలి తగ్గలేదు.

"మాయమ్మను సంపేసినాడు సార్," అన్నాడు ఆదిమూలం.

మునిరత్నమ్మకు ఒక్కడే కొడుకు. ముప్పై లోపు వయసు. ఏడవడం లేదు. గడపలో కూర్చుని కొడవలిని రాయి మీద నూరుతున్నాడు.

"ఎవరు?"

"జయరావు."

"చూశావా?"

"సూడాల్నా సార్? నా బండిలో రోటర్ యాడికి పోయింది? దానికి కాళ్లొచ్చినాయా?"

ఆదిమూలానికి ఒక జీపు ఉంది. మద్రాసులో మిలిటరీ వేలంలో కొన్నాడు. ముందు చక్రాలు కూడా లాగే బండి. కార్తీకం నుంచి పుష్యందాకా, వంకలు పారే ఈ మూడు నెలలూ, ఎగువపల్లె కెక్కే బండ్లు రెండే. ఒకటి ఇది. రెండోది దిగువన జయరావుది. పాలక్యాన్లు, టమాటా బుట్టలు, పురిటి మనుషులు, పాము కరిచినవాళ్లు, అందరూ వీటిలోనే కొండ దిగాలి.

తెల్లవారుజామున నాలుగున్నరకు మునిరత్నమ్మ లేచింది. లేచి పడిపోయింది. నోరు వంకరపోయింది. మాట పోయింది. కుడి పక్క చచ్చుబడింది. ఆదిమూలం జీపు దగ్గరికి పరుగెత్తాడు. బండి కదల్లేదు. టార్చి వేసి డిస్ట్రిబ్యూటర్ మూత తీశాడు. లోపల రోటర్ లేదు. కరెంటు స్విచ్చిలాగే నల్లటి బేకలైటుతో చేసిన బొటనవేలంత ముక్క, నెత్తిన ఇత్తడి రేకు. ఒక్కో ప్లగ్గుకూ కరెంటు పంచేది అదే. అది లేని ఇంజను ఎంత తిప్పినా రాదు.

"స్పేర్ లేదా?"

"ఉన్నింది. పోయిన నెల జయరావుది పగిలిపోతే వానికిచ్చినా. మల్లా అడిగితే నలుగుర్లో 'ఇయ్యను పో' అన్నాడు. మాటా మాటా పెరిగింది. నా బండి నిలబడిపోతే బాడుగలన్నీ వానికే గదా సార్!"

"తర్వాత?"

"కొండ దిగి వానింటికే పరిగెత్తినా. వాడు అప్పుటికే పాలేసుకోని తిరుపతికి పోయినాడు. ఎద్దులబండి తోలుకోని వచ్చేసరికి..."

కొడవలి ఆగింది.

పరంధామయ్య జీపు దగ్గరికి నడిచాడు. ఆదిమూలం వెనకే వచ్చాడు. బురద కొండల్లో తిరిగే బండి అద్దంలా ఉంది. టైర్ల గాడుల్లో మట్టి కూడా పుల్లతో గీకి తీసినట్టుంది.

"చలికాలంలో దీన్నెట్లా చూసుకుంటావు?" అని అడిగాడు. కేసుకు అక్కర్లేని ప్రశ్న. మనిషి తనకిష్టమైన దాని గురించి మాట్లాడేటప్పుడు కాపలా దించుతాడని ఆయనకు తెలుసు.

నిజంగానే ఆదిమూలం ముఖం కొంచెం వదులైంది. "మంచుకి డిస్ట్రిబ్యూటర్ చెమ్మ పడతాది సార్. పొద్దున్నే మూత తీసి పొడిగుడ్డతో తుడవాల. ముందు చక్రాల లివరు బురదలోనే ఎయ్యాల. తారురోడ్డు మింద ఏస్తే గేర్లు బిగుసుకుంటాయి. వంక దాటేముందర ఫ్యాన్‌బెల్టు తీసెయ్యాల, ల్యాకపోతే నీళ్లన్నీ ఇంజన్ మింద కొడతాది. రాత్రికి బానెట్ మింద దుప్పటి కప్పాల."

"నిన్న కప్పావా?"

"కప్పినా. ఊరికే పైన పడేస్తా సార్, అంతే."

"పొద్దున దుప్పటి ఎక్కడుంది?"

"బానెట్ మిందనే ఉండాది. తీస్తాంటే రాలేదు. అంచులు నాలుగు పక్కలా లోపలికి దోపి ఉండాయి. పీకి పారేసినా."

చెప్పి ఊరుకున్నాడు. ఏం చెప్పాడో తనకే తెలియదు.

పరంధామయ్యకు ఒంటరిగా ఉండే అలవాటు. ఒక్కడే తిని, ఒక్కడే పడుకుని, మనుషుల చేతుల గురించి ఆలోచించే అలవాటు. కోపంగా ఉన్న చెయ్యి వేరు. భయంగా ఉన్న చెయ్యి వేరు. రెండూ ఒకే వస్తువును తీసినా, తీసిన చోటు ఒకేలా ఉండదు.

"నువ్వు పరిగెత్తబోయేముందు అమ్మ ఏమైనా సైగ చేసిందా?"

"నా చొక్కా జేబు పట్టుకోని ఇడిసిపెట్టలేదు సార్. పోవద్దంటాందని అనుకున్నా. చెయ్యి ఇడిపించుకోని..."

"జేబా?"

"ఈ జేబే."

"ఆ జేబులో ఏం పెట్టుకుంటావు?"

"ఏమీ ల్యా. బీడీలు. తిరుపతిలో బండి నిలిపితే రోటర్ తీసి దీంట్లో ఏసుకుంటా, ఎవుడూ బండి ఎత్తకపోకుండా. అందరం అట్టే చేస్తాం."

ఇంటి లోపల పక్కింటి గురవమ్మ గోడకానుకుని ఉంది. డెబ్బై ఏళ్లుంటాయి. చివరిదాకా మునిరత్నమ్మ దగ్గరున్నది ఆమే.

"ఏమన్నా చెప్పాలని చూసిందా అవ్వా?"

"నోరేడుండాది నాయనా చెప్పేదానికి? ఎడం చేత్తో పొయ్యికల్లా చూపించింది. మల్లా మల్లా చూపించింది. సలేస్తాందేమోనని, ఊరికే ఉండే ఆ రెండో పొయ్యి ముట్టించినా. ముట్టించినాక యింకా ఎక్కువగా కొట్టుకున్నాది. నేను యింకా రెండు కట్టెలు ఎగదోసినా. ఏందో లక్క కాలిన కంపు. నాకు దగ్గొచ్చింది. దాని కండ్లలో నీళ్లు కార్తానే ఉన్నాయి."

అప్పుడు పరంధామయ్య తలూపాడు, అంతే. ఆ కంపు గురించి ఆలోచించలేదు.

"సార్," గడపలోంచి ఆదిమూలం పిలిచాడు. "వాన్ని మీరు జైల్లో పెట్టినా సరే, పెట్టకపోయినా సరే. బయటికొచ్చిన పొద్దు ఒకటే ఏటు. అంతదాకా మాయమ్మ బూడిద స్వర్ణముఖిలో కలపను."

తిరుపతి పెద్దాసుపత్రి డాక్టరు పోస్టుమార్టం చేసి, మెదడులో నరం చిట్లిందన్నాడు. "త్వరగా తెచ్చుంటే బతికేదా?" అని పరంధామయ్య అడిగాడు. "బతికి ఉండొచ్చు. ఉండకపోవచ్చు. ఆ ప్రశ్న ఇంకెవర్నీ అడగనివ్వకండి," అన్నాడు డాక్టరు చేతులు కడుక్కుంటూ.

మరునాడు మధ్యాహ్నం, స్టేషన్లో.

జయరావు లాకప్పులో మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. మెడలో నల్లతాడుకు చిన్న సిలువ.

"మొన్న సాయంత్రం ఎగువపల్లెకు పోయావా?"

"పోయినా."

"ఎందుకు?"

"పోయినా సార్."

"రోటర్ తీశావా?"

"రాసుకోండి. నేనే తీసినా."

బల్ల దగ్గర కానిస్టేబుల్ దొరస్వామి ఉత్సాహంగా కలం తీశాడు. పరంధామయ్య చెయ్యెత్తి ఆపాడు.

"తీసి?"

"వంకలో పారేసినా."

"బానెట్ మీద దుప్పటి కప్పి ఉంది కదా. దాన్నేం చేశావు?"

జయరావు తడబడ్డాడు. "దుప్పటా? అది... తీసి కింద పడేసినా. తొందర్లో మల్లా ఎవుడు కప్పతాడు సార్?"

"అవును. దొంగ మళ్లీ కప్పడు."

పరంధామయ్య లాకప్పు ముందు నేల మీదే కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు.

"ఆ దుప్పటి మళ్లీ కప్పారు జయరావ్. అంచులు కూడా దోపారు. అంటే తీసింది నువ్వు కాదు. కానీ తీస్తున్నవాళ్లను చూశావు. ఎవరు?"

జయరావు ముఖం రెండు మోకాళ్ల మధ్యకు పోయింది.

"ఆ పేరు నా నోట్లోంచి రాదు సార్. మీకు తెలిసినా చెప్పొద్దు. తెలిస్తే ఆదిమూలం బతకడు. ఏం, ఒక సంవత్సరం ఏస్తారా? రెండేస్తారా? నాకు అలవాటైపోతాది."

"ఆ తర్వాత కొడవలి?"

"వానిష్టం."

ఆ సాయంత్రం స్టేషన్లో కరెంటు హెచ్చుతగ్గులై ఒక స్విచ్చి మాడింది. నల్లటి పొగ. ఘాటైన కంపు. దొరస్వామి ముక్కు మూసుకుని, "థూ, లక్క కాలినట్టుండాది," అన్నాడు.

పరంధామయ్య లేచి నిలబడ్డాడు. గురవమ్మ చెప్పిన కంపు గుర్తొచ్చింది.

మూడో రోజు పొద్దున. కొండంతా మంచు. పది అడుగుల అవతల మనిషి కనబడడు.

పోలీసు వ్యాను వంక దాటదు. దాటగలిగిన జీపు జయరావుదే. దాన్ని నడపగలిగింది జయరావే. కాబట్టి ముద్దాయే పోలీసుల్ని ఎక్కించుకుని బయల్దేరాడు.

"సార్, బేడీలెయ్యొద్దా?" అని దొరస్వామి అడిగాడు.

"ఎయ్యన్నా," అన్నాడు జయరావు. "నాకు చేతులు కట్టేసి నువ్వు గేరు మార్చు. ఇద్దరం కలిసి లోయలో పడదాం."

వంక దగ్గర దిగి ఫ్యాన్‌బెల్టు తీశాడు. లివరు వెనక్కి లాగాడు. నాలుగు చక్రాలూ రాళ్లను పట్టుకుని, గుర్రుగుర్రుమంటూ బండి నీళ్లలో దిగింది. అవతలి ఒడ్డెక్కాక, అద్దంలోకే చూస్తూ అడిగాడు.

"వానికి చెప్తారా సార్?"

పరంధామయ్య ముందున్న మంచులోకి చూశాడు. దొంగ దొరకలేదని రాసి కేసు మూసేయొచ్చు. కానీ దుఃఖం తనంతట తాను నిలబడలేనప్పుడు ద్వేషాన్ని గుంజగా పాతుకుంటుంది. గుంజ పీకేస్తే మనిషి కూలిపోవచ్చు. పీకకపోతే? ఆ గుంజ పాతింది ఇంకొక మనిషి గుండెల మీద.

ఎగువపల్లె ఇంట్లో ఆదిమూలం లేచి నిలబడ్డాడు. జయరావును చూడగానే చెయ్యి కొడవలి మీదికి పోయింది. మూలన ఎర్రగుడ్డ కట్టిన మట్టిపిడత. అందులో మునిరత్నమ్మ ఎముకలు. గురవమ్మ గోడకానుకుని ఉంది.

"కూర్చో," అన్నాడు పరంధామయ్య. "నేను చెప్పడం అయ్యాక నీ ఇష్టం."

ఎవరూ కూర్చోలేదు.

"మీ నాయన ఎట్లా పోయినాడు?"

"అదెందుకు సార్ ఇప్పుడు?"

"చెప్పు."

"లారీలో పోతా... ఘాట్లో పడిపోయినాడు. మంచులో దోవ కానరాక."

"ఏ నెల?"

"మార్గశిరం."

"పడిపోయే ముందు రాత్రి అమ్మ నీతో ఏమంది?"

ఆదిమూలం కళ్లు చిట్లించాడు. "రోజూ అనేదే. మంచు ఇడిసినాక పోరా అనింది. ఆలిస్యమైతే డైరీవాడు పాలు తీసుకోడు పోమ్మా అన్నా."

"నీ రోటర్ తీసినవాళ్లు దుప్పటి మళ్లీ కప్పారు. ఊరికే కప్పలేదు. అంచులన్నీ లోపలికి దోపారు. ఎందుకు? ఇంజను చల్లబడకూడదని. చెమ్మ పట్టకూడదని. నీ బండి నిలబడిపోవాలని కోరుకునే మనిషి ఆ పని చెయ్యడు. బండి పొద్దున స్టార్ట్ కావాలని కోరుకున్న మనిషే చేస్తుంది. కాకపోతే, కొంచెం ఆలస్యంగా స్టార్ట్ కావాలి."

పరంధామయ్య ఆదిమూలం జేబు వైపు చూశాడు.

"జేబులో ఉండే ఆ ముక్కేమిటో మీ అమ్మకు తెలుసా?"

"తెల్సు." ఆదిమూలం గొంతు ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టుంది. "చొక్కా ఉతకతా సూసి అడిగింది. ఇది ల్యాకపోతే బండికి పానం లేదుమ్మా అని నేనే చెప్పినా. తీసి కూడా సూపించినా."

పరంధామయ్య పొయ్యి దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"గురవమ్మవ్వా, ఆ పొద్దు తర్వాత ఈ పొయ్యి ముట్టించారా?"

"సావింట్లో పొయ్యి యాడ ముట్టిస్తారు నాయనా? కూడు మా యింట్లోంచే తెచ్చినాం..."

చెబుతూనే ఆమె పొయ్యి వైపు తిరిగింది.

ఆయన రెండో పొయ్యి బూడిదలో వేళ్లు పెట్టాడు. మెల్లగా జల్లించాడు. నల్లటి బొగ్గులా ఉండకట్టిన ముక్క ఒకటి వచ్చింది. దాన్ని అంటుకుని చిన్న ఇత్తడి రేకు. అరచేతిలో పెట్టి ఆదిమూలానికి చూపించాడు.

ఆదిమూలం దాన్ని తాకలేదు. ఆ రేకు అంచును కిందటి నెల గరుకు కాగితంతో రుద్దింది తనే. ఆ వంపు తనకు తెలుసు.

"మొగోడు చెయ్యి పెట్టని చోటని ఇక్కడ దాచింది," అన్నాడు పరంధామయ్య. "ఎండ రాగానే తీసి ఇద్దామనుకుంది. అంతే. ఒక్క పొద్దు. నీ జేబు పట్టుకుంది నిన్ను ఆపడానికి కాదు."

"నేనే ముట్టించినా," అంది గురవమ్మ. తలను గోడకేసి కొట్టుకుంది. "అది వద్దు వద్దంటాంటే నేనే కట్టెలు ఎగదోసినానే, నా చేతులు పడిపోనూ!"

కొడవలి కింద పడింది. ఆదిమూలం నడిచివెళ్లి ముసలామె ముందు కూలబడ్డాడు. ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు.

"సలనుకున్నావు అవ్వా. నువ్వు సలనుకున్నావు. నేను పోవద్దంటాందనుకున్నా."

ఇంతవరకూ రాని ఏడుపు అప్పుడొచ్చింది. పరంధామయ్య బయటికి పోయి జీపు పక్కన నిలబడ్డాడు. లోపలి నుంచి వస్తున్న ఆ శబ్దం వినడం కూడా తన ఉద్యోగంలో భాగమేననిపించింది.

ఎంతోసేపటికి ఆదిమూలం బయటికొచ్చాడు. జయరావు వైపు చూడకుండానే అడిగాడు.

"నువ్వు సూసినావా?"

"సూసినా. నీతో మాట కలుపుదామని, నా బండిలో ఉన్న నీ స్పేర్ తీసుకోని నడిచొచ్చినా. టార్చి నోట్లో కరుచుకోని బానెట్ కింద దూరుండాది మీ యమ్మ. నన్ను సూసి నవ్వింది. 'చెప్పొద్దురా, పొద్దెక్కినాక నేనే యిస్తా' అనింది. స్పేర్ మాట ఎత్తితే ఆమె కష్టమంతా పోతాదని అట్టే ఎనక్కి పోయినా. ఇచ్చొచ్చింటే..."

"చాల్లేరా."

జయరావు తన బండి బానెట్ ఎత్తాడు. డిస్ట్రిబ్యూటర్ మూత తీశాడు. లోపలి నుంచి నల్లటి ముక్కను తీసి, చొక్కాతో తుడిచి, ఆదిమూలం చేతిలో పెట్టాడు.

"ఇది నీదే గదరా. అమ్మ నీ బండిలోనే పోవాల."

ఆదిమూలం మట్టిపిడత తెచ్చి ముందు సీటులో పెట్టాడు. చుట్టూ ఆ దుప్పటి చుట్టాడు. ఒక్క క్షణం ఆగి, అంచులు నాలుగు పక్కలా లోపలికి దోపాడు. రోటర్ బిగించాడు. మొదటి తిప్పుకే ఇంజను అందుకుంది.

పరంధామయ్య, దొరస్వామి, జయరావు వెనక ఎక్కారు.

ఆదిమూలం గేరు వేయలేదు. స్టీరింగ్ మీద చేతులుంచి ముందుకు చూశాడు. లోయ కనిపించడం లేదు. దారి కనిపించడం లేదు. తెల్లగా, అంతా తెల్లగా ఉంది. అతను స్విచ్చి కట్టేశాడు. ఇంజను ఆగింది.

"ఏమప్పా?" అన్నాడు దొరస్వామి.

"మంచు ఇడిసినాక పోదాం సార్."

ఎవరూ దిగలేదు. ఆ రోజు ఎండ చాలా ఆలస్యంగా వచ్చింది.