నీడ పడే టీవీ

రత్నమాల అశోక్‌నగర్‌లోని తమ వంటింట్లో, పొయ్యి మీద పాలు పొంగుతుండగా పోయింది. బడిలో మాస్టారైన భర్త సుందరరావు ముందు గ్యాస్ కట్టేశాడు. తర్వాత ఆమెను పిలిచాడు. ఆమె పలకలేదు.

అది జరిగి పదో రోజు... అమావాస్య... మధ్యాహ్నం నాలుగు గంటలు! నారాయణగూడ మీద కారుమేఘం కమ్మింది. పట్టపగలే ఎక్కడో గుడ్లగూబ కూసింది! ఆ వేళకు సుందరరావు ఘాట్ దగ్గర ఉండాలి. నల్ల నువ్వులు కలిపిన నీళ్ళు, ధర్మోదకం, భార్య పేరున వదలాలి. కాని అతడు చిక్కడపల్లిలో, గ్రంథాలయం వెనక సందులో, రాఘవేందర్ దుకాణం మెట్లెక్కుతున్నాడు. జేబులో ఫోను మోగింది. బావమరిది నరేంద్ర.

"బావగారూ, ఎక్కడున్నారు? పంతులుగారు ఎదురుచూస్తున్నారు. పొద్దు గూకితే అక్కయ్యకి దారి మూసుకుపోతుందట."

"వస్తున్నాను" అని అబద్ధం చెప్పాడు సుందరరావు.

రాఘవేందర్ ఒకప్పుడు టీవీలు బాగుచేసేవాడు. ఇప్పుడు క్షుద్రోపాసకుడు! నల్లని తెరల మధ్య గాజు పీఠం... దాని కింద కుంకుమ పూసిన కపాలం... కంటి గుంతల్లోంచి బయటికి వచ్చిన తీగలు!

"కూసో సార్. అద్దాలు పెట్టుకొని చూసే త్రీడీ టీవీ ఎందుకు మూలకు పడ్డదో ఎరికేనా? బొమ్మకు లోతుంటది, పానముండదు. వెనక్కి పోయి చూస్తే ఖాళీ! నాది గట్ల కాదు. రేపు ఇంటింటికీ ఇదే టీవీ. సచ్చినోళ్ళు సోఫాల కూసుంటరు. ఇగ ఎవడన్న బంద్ చేస్తడా?"

"నాకు రేపటి టీవీ వద్దు. రత్నమాల కావాలి."

"అయితే మీ బడిల హాజరు తీసుకున్నట్టు మూడుసార్లు పేరు పిల్వు. మూడుసార్లు పలికితే ఇగ ఎన్నటికీ పోదు."

రాఘవేందర్ వేలు కోసుకుని కపాలం మీద రక్తం చిందించాడు. "బంధయ... బంధయ... ఆకర్షయ!" పీఠం మీద కాంతి చిక్కబడింది. రత్నమాల నిలబడింది! సుందరరావు ఆమె వెనక్కి వెళ్ళి చూశాడు. జడ ఉంది. వీపు ఉంది. నేల మీద నీడ కూడా ఉంది!

"రత్నమాల!"

"ఆఁ..."

"రత్నమాల!"

"ఆఁ... కాళ్ళు కాలుతున్నాయండీ. ఇంక పిలవకండి."

సుందరరావు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఆగినవేంది? పిల్వు! లేకుంటే మంచినీళ్ళు గూడ దొరకని తావుకు తోల్త ఆమెను!"

అప్పుడు ఆమె వెనక, కాంతి లోతుల్లో, ఏవో కదిలాయి. వంచిన తలలు... ఎన్నో తలలు... చివరి బెంచీల్లో దాక్కున్నట్టు! ముప్పై ఏళ్ళుగా ప్రతి ఉదయం హాజరు ముగించి అడిగే మాట, ఆలోచించకుండానే, సుందరరావు నోట వచ్చింది.

"పేరు పిలవనివాళ్ళు ఎవరైనా ఉన్నారా? లేచి నిలబడండి."

ఫెళ్ళున పిడుగు! అందరూ లేచారు. అందరికంటే వెనక నిలబడ్డ స్త్రీకి తల లేదు. సిమెంటు అంటిన చేతులతో ముందుకు వచ్చి, పీఠం కింద తడిమి, కపాలాన్ని తీసి మెడ మీద పెట్టుకుంది.

"నన్ను పిల్వలే సారూ. కురుమమ్మ నా పేరు. మాది పాలమూరు. పనికాడ మూడో అంతస్తు మీదికెళ్ళి కింద పడ్డ."

శ్మశానం నుంచి ఎత్తుకొచ్చిన ఆ తల ఎవరిదో రాఘవేందర్ ఏనాడూ అడగలేదు. పేరు లేనందువల్లనే ఆ శక్తి ఇన్నాళ్ళూ అతనికి లొంగి ఉంది; పేరు చెప్పుకోగానే ఆ కట్టు తెగింది.

"ఏందిరా, సచ్చినంక గూడ నన్ను కూలికి పెడ్తివి!"

"అక్కా... తప్పయింది... ఇడిచిపెట్టు!"

ఆమె అతన్ని చొక్కా గల్లా పట్టి పీఠం మీదికి లాగింది. హాహాకారం! ముందు అతని వీపు మాయమైంది. తర్వాత మనిషి కాగితంలా పలచబడ్డాడు... గీత అయ్యాడు... చుక్క అయ్యాడు... ఆరిపోయాడు!

కురుమమ్మ వెనకే, రాఘవేందర్ అంతకుముందు బంధించిన మిగతావాళ్ళంతా ఒక్కొక్కరుగా తెర దాటి వెళ్ళిపోయారు. రత్నమాల ఒక్కతే మిగిలింది. రెండుసార్లే పలికింది కాబట్టి ఇక్కడ ఉండిపోనూ లేదు. ధర్మోదకం అందలేదు కాబట్టి అటు పోనూ లేదు.

ఫోను మళ్ళీ మోగింది. "బావగారూ! పొద్దు గూకడానికి ఇంకా గంటే ఉంది."

"వెళ్ళనా అండీ?" అంది రత్నమాల.

"ఒక్క నిమిషం" అన్నాడు సుందరరావు. కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

తెరల సందుల్లో వెలుతురు తగ్గుతోంది. అతడు ధర్మోదకం ఇంకా వదలలేదు.