నడుం కింద చెయ్యి

"పాలంటే ఇలా ఉండాలి! తెనాలిలో మన గేదె పాలు తాగినట్టే ఉందే వేదవతీ" అంటూ సీతామహాలక్ష్మి కాఫీ గ్లాసును ఆఖరి చుక్కదాకా వంచేసింది.

వేదవతి పొయ్యి దగ్గర తలెత్తలేదు. ఎత్తితే నవ్వొస్తుందో ఏడుపొస్తుందో ఆమెకే తెలియదు. ఆ పాలు ఎప్పటి పాలే, పాలవాడూ ఎప్పటివాడే. తెల్లవారకముందే క్యాను పట్టుకుని వెళ్లి కళ్లముందు పితికించుకు తెస్తున్నానని కోడలు చెప్పిన అబద్ధానికే అత్తగారి నాలుకకు అంత రుచి పుట్టింది.

ఇంతలో ఏడాదిన్నర అమ్మాజీ బుడిబుడి అడుగులతో వచ్చి తల్లి చీర కుచ్చిళ్లు పట్టుకుంది. రెండు చేతులూ పైకెత్తి "ఎత్తో" అంది. వేదవతి మెల్లగా కింద కూర్చుని పిల్లను గుండెకు హత్తుకుంది. అంతవరకే ఆమె హద్దు. పిల్లతో పైకి లేవలేదు.

"నువ్వుండవే, వంగకు" అని సీతామహాలక్ష్మి ఓ చెయ్యి నడుం మీద ఆనించుకుని, "అమ్మా, తల్లీ" అని మూలుగుతూ మనవరాలిని ఎత్తి చంకనేసుకుంది. ఆ మూలుగు ఆ ఇంట్లో గడియారం చప్పుడులాంటిది. ఎవరూ వినిపించుకోరు.

పిల్ల పుట్టిన మూడో నెలలో నీళ్ల కాగు దించుతూ వేదవతి జారిపడింది. ఆనాటి నుంచి నడుం నడుం కాదు. మందులైపోయాయి, పట్లు వేశారు, నెలల తరబడి మంచం మీదే పడుకోబెట్టారు. చివరికి పెద్ద దవాఖానాలో డాక్టరమ్మ, "ఇక పడుకున్నది చాలమ్మా. కండకు పని చెప్పకపోతే జీవితమంతా ఇలాగే ఉంటావు. ఆడవాళ్లకు కసరత్తు నేర్పేచోటు వెతుక్కో" అంది.

వెతుక్కోవడం ఎక్కడని! తెనాలిలో అయితే ఏ గుమ్మంలో అడగాలో తెలుసు. ఇక్కడికొచ్చి నాలుగేళ్లయినా ఆమెకు బస్‌స్టాపు, కూరగాయల బండి, కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడి తప్ప ఏమీ తెలియదు. ఇదీ తెలుగునేలే, మాట్లాడేదీ తెలుగే. అయినా ఏదో దేశంకాని దేశంలో దిగినట్టే ఉండేది. కోఠీలో ఎవరో దొరసానమ్మ ఆడవాళ్లను చాపల మీద పడుకోబెట్టి కసరత్తు చేయిస్తుందని విని, భర్తను బతిమాలి ఒకరోజు బయల్దేరింది. చాదర్‌ఘాట్ దగ్గర బస్సు మీద రాళ్లు పడ్డాయి. ఎలాగో నడిచి వెళ్తే హాలుకు తాళం. గొడవలు తగ్గేదాకా క్లాసులు లేవని అక్కడి తోటమాలి చెప్పాడు.

అది 1969, తెలంగాణ కోసం జనం రోడ్డెక్కిన ఏడాది. దిల్‌సుఖ్‌నగర్‌లో అప్పటికింకా ఇళ్లకంటే ఖాళీ జాగాలే ఎక్కువ. ఉన్న కాసిని గోడల మీదా తారు రాతలే. ఆంధ్రావాళ్లు వెళ్లిపోవాలని ఒక గోడ అంటుంటే, రేపే వెళ్లాలని పక్క గోడ తొందరపెట్టేది. వేదవతి భర్త భానుమూర్తి సర్కారు ఆఫీసులో గుమాస్తా. సమ్మెతో ఆఫీసు మూతపడ్డాక ఆయన ఇంట్లో కూర్చుని పేపరంతా చదవడం, "మనం వెళ్లిపోతే మంచిదేమో" అనడం తప్ప వేరే పని లేకుండా పోయింది.

కోఠీ నుంచి ఉత్తి చేతులతో వచ్చి గడప మీదే కూలబడిన వేదవతిని ఇంటి ఓనరు ఈరమ్మ చూసింది. యాభై దాటిన మనిషి, తలుపంత భుజాలు. సంగతంతా విని పెద్దగా నవ్వింది.

"ఓ పిచ్చి బిడ్డా! గీ దానికి కోఠీ దాక పోతివా? మన తాలీంఖానకు తాళం చెవి నా నడుముకే ఉండె గదనే!"

గల్లీ చివర పహిల్వాన్లు కసరత్తు చేసే తాలీంఖానా ఈరమ్మ తండ్రి కట్టించింది. ఆయన నల్గొండ పల్లె నుంచి వచ్చి కుస్తీల్లో పేరు తెచ్చుకున్న ఉస్తాదు. కొడుకును కన్నాక ఈరమ్మ నడుం పట్టేస్తే, నడుం జారిన పహిల్వానుకు చేయించే కసరత్తే కూతురికీ చేయించాడట, తలుపులు మూసి మరీ. ఇప్పుడు పహిల్వాన్లంతా జులూసుల్లో ఉన్నారు. ఈరమ్మ కొడుకు రామస్వామితో సహా సగం మంది జైల్లో ఉన్నారు. తాలీంఖానా బోసిపోయి ఉంది.

"మొగోళ్లు లేరు, మంచిగైంది. రేపటి సంది రా" అంది ఈరమ్మ.

అలా మొదలైంది. కూరగాయలమ్మే మల్లమ్మ, బడిలో ఆయాగా చేసే కాంతమ్మ కూడా జతయ్యారు. కుస్తీ గోదాలో ఆడవాళ్లు కాలు పెట్టకూడదని ఉస్తాదు పెట్టిన కట్టుబాటు. అందుకని గోదా చుట్టూ జంఖానాలు పరిచి, కొంగులు బిగించి పడుకునేవారు. ఊపిరి వదులుతూ పొట్ట లోపలికి లాగాలి, నడుం నేలకు ఆనాలి, ఆ తర్వాతే కాలు లేవాలి. మొదటిరోజు ఈరమ్మ తన చెయ్యిని వేదవతి నడుం కిందికి తోసింది. అది ఇటునుంచి అటు సులువుగా దూరిపోయింది.

"జూసినవా, గీ సందు. నీ నొప్పి గిండ్లనే కూసున్నది. నా చెయ్యి నలిగే దాక నడుము ఆనియ్యాలె. నలిగిననాడు నీ బిడ్డను ఎత్తుకో. అప్పటి దాక ఎత్తితివా, నేనే తంత!"

నెల తిరిగేసరికి ఆ చెయ్యి కాస్త బిగుసుకుంటోంది. ఇంకా నలగలేదు.

ఇదంతా అత్తగారికి చెప్పే ధైర్యం వేదవతికి లేదు. మగాళ్లు లంగోటీలతో దొర్లే చోటికి కోడలు వెళ్లి కాళ్లు పైకెత్తుతోందంటే ఆవిడ బతకనిస్తుందా!

అత్తగారు కాఫీని పొగిడిన ఆ ఉదయమే ఆ నిజం పేపరు కొనడానికి వెళ్లిన భానుమూర్తి వెంట ఇంటికొచ్చింది.

"వేదా! నువ్వు తాలీంఖానాకి వెళ్తున్నావా?" గుమ్మంలోంచే అడిగాడు. ముఖం కందగడ్డలా ఉంది. "హోటలు దగ్గర పదిమందిలో అడిగారు, మీ ఇంటామె పహిల్వాను ఎప్పుడవుతుందని!"

సీతామహాలక్ష్మి పిల్లను దించేసి కోడలి జడ పట్టుకు చూసింది. "అయ్యో అయ్యో! జడలో ఈ ఎర్రమన్నేమిటా అని రోజూ అనుకుంటున్నాను. గేదెల దగ్గర అంటుకుందనుకున్నానే! పాలన్నావు, పితికించానన్నావు... నేనొక వెర్రిదాన్ని, లొట్టలేసుకుంటూ తాగాను!"

"అవునత్తయ్యా, అబద్ధం చెప్పాను" అంది వేదవతి. "వెళ్తున్నాను. అక్కడ మగాళ్లెవరూ లేరు. కొందరు జులూసుల్లో, కొందరు జైల్లో ఉన్నారు."

"బాగుంది!" భానుమూర్తి చేతిలో పేపరు విసిరికొట్టాడు. "వాళ్లు జైలుకెందుకెళ్లారో తెలుసా? మనల్ని పొమ్మన్నందుకు! వాళ్ల చోటికెళ్లి నువ్వు కసరత్తు చేస్తావా? చాలు. ఎల్లుండి రైలుకి పిల్లని తీసుకుని తెనాలి వెళ్లు. నేను ట్రాన్స్‌ఫరుకు పెడతాను."

"తెనాలి వెళ్లి ఏం చెయ్యను? మళ్లీ మంచమెక్కనా?" వేదవతికి కన్నీళ్లు ఆగలేదు. "ఏడాది పైగా పడుకున్నానండీ. ఏమొరిగింది? నా పిల్ల ఎత్తుకోమని చేతులు చాస్తుంటే నేలమీద చతికిలపడి చూస్తున్నాను. దానికి ఊహ తెలిశాక మా అమ్మ నన్ను ఎప్పుడూ ఎత్తుకోలేదని చెప్పుకోవాలా? ఇన్నాళ్లకు నడుం దారిలో పడుతోంది. ఇప్పుడు నన్ను పంపకండి. మీ కాళ్లు పట్టుకుంటాను, అదీ వంగి పట్టుకోలేను!"

ఆ కేకలకు పక్క వాటా నుంచి ఈరమ్మ వచ్చింది. భానుమూర్తి ఆమె వైపు తిరిగాడు.

"ఈరమ్మగారూ, మీరే చెప్పండి. మీ అబ్బాయి మమ్మల్ని వెళ్లిపొమ్మంటాడు, మీరు మా ఆవిడకు నడుం బాగుచేస్తారు. మేం ఏది నమ్మాలి?"

"రెండూ నమ్ము సారూ" అంది ఈరమ్మ తొణక్కుండా. "మా నౌకరీలు మాకు గావాలె, మా తెలంగాణ మాకు గావాలె. నా కొడుకు గందుకే జైలుకు పోయిండు. రేపు నన్ను పట్కపోయినా గదే మాటంట, నీ మొఖం మీదనే అంట. గది ఏరే ముచ్చట. గీ పోరి నడుము ఏరే ముచ్చట. నా ఇంట్ల కిరాయికున్న ఆడిపిల్ల బిడ్డను ఎత్తుకోలేక ఏడుస్తుంటే, నీదే ఊరని అడగాల్నా?"

భానుమూర్తి వంగి, విసిరికొట్టిన పేపరు ఏరుకున్నాడు. సీతామహాలక్ష్మి మాత్రం కొంగు బిగించింది.

"ఆ నేర్పేదేదో రేపు నేనూ వచ్చి చూస్తాను. నా కళ్లతో చూశాకే పెట్టె సర్దేదీ లేనిదీ."

"రా అక్కా. జర తెల్లారకముందే లేవు మరి!"

మర్నాడు సీతామహాలక్ష్మి తాలీంఖానా గడప దగ్గరే ఆగిపోయింది. లోపల సిందూరం పూసిన ఆంజనేయుడు, ఆయన ముందు దీపం, గోడవారగా గదలు, నూనె, పసుపు కలిపిన ఎర్రమన్ను వాసన. మల్లమ్మ, కాంతమ్మ లేచి దండం పెట్టారు. ఆవిడ హనుమంతుడికొక్కడికే దండం పెట్టి, పాపం ఎవరో పెళ్లిచూపులకు తీసుకొచ్చినట్టు ఓ మూల బిగుసుకుని కూర్చుంది.

వేదవతి జంఖానా మీద వెల్లకిలా పడుకుంది. అత్తగారి చూపు మీద పడుతుంటే ఊపిరి సరిగ్గా అందలేదు.

"గంత దూరంల కూసోని ఏం సూస్తవక్కా? దగ్గరికొచ్చి నీ చెయ్యే పెట్టు" అంటూ ఈరమ్మ ఆవిడ చెయ్యి పట్టి లాక్కొచ్చి కోడలి నడుం కింద పెట్టింది. "ఊఁ బిడ్డా, గాలి ఇడువు. పొట్ట లోపలికి గుంజు. ఇంకా... ఇంకా..."

వేదవతి కళ్లు మూసుకుంది. చేతులు చాచిన అమ్మాజీ కనిపించింది. ఉన్న ఊపిరంతా వదిలేసి నడుమును నేలకు అదిమింది.

"అమ్మో, నా వేళ్లే!" అంది సీతామహాలక్ష్మి.

ఈరమ్మ చప్పట్లు కొట్టింది. "నలిగినయ్! ఆ మాట కోసమే గద నెల సంది సూస్తున్న!"

సీతామహాలక్ష్మి చెయ్యి వెనక్కు తీసుకోలేదు. అలాగే ఉంచి కోడలి ముఖంలోకి చూసింది. చాలా చిన్న గొంతుతో, "నేను పడుకోవచ్చా?" అని అడిగింది.

అందరూ సర్దుకుని చోటిచ్చారు. ఆవిడ మూలుగుతూ వాలింది. ఈరమ్మ కళ్లతో సైగ చేస్తే, వేదవతి పక్కన కూర్చుని అత్తగారి నడుం కిందికి చెయ్యి పోనిచ్చింది. చెయ్యి దూరింది. పిడికిలి బిగించి పెట్టినా దూరింది. తన నొప్పికి ఒక చెయ్యి పట్టే సందు చాలింది. ఈవిడ ఇంత సందు నడుం కింద పెట్టుకుని రుబ్బింది, ఉతికింది, రోజుకు పదిసార్లు మనవరాలిని ఎత్తింది. ఆ ఇంట్లో ఎవరూ వినిపించుకోని ఆ మూలుగు అప్పుడు వేదవతికి వినిపించింది.

"ఎన్నాళ్లుగా అత్తయ్యా?"

"మీ ఆయన పుట్టినప్పట్నుంచి" అంది సీతామహాలక్ష్మి పైకప్పు చూస్తూ. కణతల మీంచి కన్నీళ్లు చెవుల్లోకి జారుతున్నాయి. "ఆడదన్నాక ఇంతేలే అన్నారే. నేనూ ఇంతేననుకున్నాను. నిన్నూ అలాగే పడుకోమన్నాను. ఇలా బాగుపడుతుందని నాకు చెప్పినవాళ్లు లేరే తల్లీ."

"ఇగ జెప్తున్న గదా! ఏడుపు బంద్ వెట్టి గాలి ఇడువు" అంది ఈరమ్మ. అంటూనే తన కళ్లు తుడుచుకుంది.

ఆ పూట పెట్టె సర్దలేదు. ఆ తర్వాతా సర్దలేదు. భానుమూర్తి ట్రాన్స్‌ఫరు మాటెత్తినప్పుడల్లా వాళ్లమ్మ, "నా నడుం బాగయ్యాక చూద్దాంలే" అనేది.

వానలు మొదలయ్యాక ఒక ఉదయం గల్లీలో ఒకటే గోల. జైలు నుంచి వదిలిపెట్టిన కుర్రాళ్లు మెడల్లో దండలతో, జై తెలంగాణ అంటూ సరాసరి తాలీంఖానాకే వచ్చారు. అందరికంటే ముందు రామస్వామి. మూసి ఉన్న తలుపును దబదబా బాదాడు.

"అమ్మా! తలుపు దియ్యి. హన్మన్నకు కొబ్బరికాయ గొట్టాలె!"

లోపల్నుంచి ఈరమ్మ గొంతు వినిపించింది. "ఒచ్చినవా కొడుకా, నా తండ్రీ! జరసేపు ఆగుండ్రి. తెనాలి పెద్దమ్మ కాలు లేపుతున్నది. గది అయినంక తీస్త!"

జై కొట్టే గొంతులు ఆగిపోయాయి. ఆడవాళ్ల కోసం అప్పటికే అరుగు మీద అమ్మాజీని ఒళ్లో పెట్టుకుని పాలక్యానుతో కూర్చున్న భానుమూర్తి, వాళ్లను చూసి కంగారుగా లేవబోయాడు.

"కూసో సారూ, కూసో" అంటూ రామస్వామి దండ తీసి పక్కన పెట్టి ఆయన పక్కనే కూలబడ్డాడు. "మా అమ్మ ఆగమంటే ఆగాల్సిందే. పోలీసోళ్లే నయ్యం."

భానుమూర్తికి నవ్వాగలేదు. మిగతావాళ్లూ ఒక్కొక్కరే అరుగెక్కారు.

తలుపు తెరుచుకుంది. ముందుగా వేదవతి బయటికి వచ్చింది. అమ్మాజీ తండ్రి ఒళ్లోంచి దిగి పరుగెత్తుకొచ్చి రెండు చేతులూ చాచింది. వేదవతి మోకాళ్లు వంచింది, ఊపిరి వదిలింది, పొట్ట లోపలికి లాగింది. పిల్లను పట్టుకుని లేచి నిలబడింది. చంకలో కూతురి బరువు ఎంత హాయిగా ఉందో! ఏడుస్తున్నానని కూడా ఆమెకు తెలియలేదు.

వెనకనుంచి సీతామహాలక్ష్మి వచ్చింది. అరుగు మీది కుర్రాళ్లనందరినీ ఎగాదిగా చూసింది.

"నువ్వేనా రామస్వామివి? జైల్లో తిండి పెట్టలేదేమిట్రా, ఇలా చిక్కిపోయావు? పదండి, ఇంటికి పోయి కాఫీ తాగుదురుగాని" అని కొడుకు చేతిలో క్యాను అందుకుంది. "ఇవాళ పాలు కూడా తెనాలి పాలలాగే ఉన్నాయి."