నాలుగో స్క్రూ

పోయినవాళ్ల పేరు చెప్పి ఏ వస్తువు దానమిచ్చినా, అది ఇక్కడ పుచ్చుకున్నవాళ్ల చేతిలో ఎలా ఉంటుందో అక్కడ పోయినవాళ్ల చేతిలోనూ అలాగే ఉంటుంది. రొమేనియాలోని ఆ చిన్న ఊళ్లో, ఆ పాత ఫ్లాట్లలో, ఈ మాట ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. అందుకే జాంఫీరా తన కొడుకు కోద్రిన్ పోయిన నలభయ్యో రోజున వాడి కంప్యూటరు దానమిచ్చేసింది.

కోద్రిన్ దాన్ని కొనలేదు, తనే కట్టుకున్నాడు. ఒక్కో జీతానికి ఒక్కో భాగం తెచ్చి, వంటింటి బల్ల మీద పరుచుకుని, తల్లి చేత టార్చిలైటు పట్టించి బిగించాడు. "కదలకమ్మా, నీ చెయ్యి వణుకుతుంటే నాకు కళ్లు తిరుగుతున్నాయి" అని విసుక్కునేవాడు కూడాను. అలాంటి పిల్లాడు ఆకులు రాలే రోజుల్లో మెట్ల మీద గుండె పట్టుకుని కూర్చుని మరి లేవలేదు.

కింది అంతస్తులో ఉండే స్తెలియానా ఇంటి దగ్గరే పెళ్లి ఫొటోలు దిద్దుతుంది. ఆమె కంప్యూటరు పాడై పని చేజారిపోయేలా ఉందని తెలిసి జాంఫీరా ఆమెకే ఇచ్చింది. పెట్టె మీద కొత్త తువ్వాలు పరిచి, జడలా అల్లిన రొట్టె పెట్టి, అందులో కొవ్వొత్తి గుచ్చి వెలిగించి, "మా కోద్రిన్ ఆత్మకి" అంది. "దేవుడు చల్లగా చూడాలి" అని స్తెలియానా రెండు చేతులా అందుకుంది.

అయితే జాంఫీరా ఒకటి దాచుకుంది.

ముందురోజు ఎవరూ లేకుండా చూసి మూత తీసి, లోపలి నుంచి అరచెయ్యంత ఫ్యాను ఊడదీసింది. రేడియోల ఫ్యాక్టరీలో పాతికేళ్లు తీగలు అతికిన మనిషికి అదొక లెక్క కాదు. ఆ ఫ్యాను రెక్క ఒకటి అంచు విరిగింది. తిరుగుతూ తిరుగుతూ మధ్యలో టిక్కుమనేది. గోడ అవతలి నుంచి ఆ చప్పుడు వింటూనే ఆమె ఇన్నేళ్లూ నిద్రపోయింది. అది వినపడితే అబ్బాయి ఇంట్లో ఉన్నట్టు. వాడు పోయాక ఇల్లంతా చెవులు చిల్లులు పడేంత నిశ్శబ్దం. ఆ ఫ్యానుని పాత ఛార్జరుకి తగిలించి, కొడుకు బల్ల మీద పెట్టుకుని, ఇంత చిన్నదానికి దేవుడేం లెక్కలు చూస్తాడులే అనుకుంది.

వారం తిరక్కుండా స్తెలియానా మొగుడు జెలు మెట్ల దగ్గర తగిలాడు.

"పిన్నీ, మీవాడి మిషను మామీద అలిగింది. బాగా నడుస్తూ నడుస్తూనే టక్కున ఆరిపోతోంది."

"కరెంటేమో చూడవయ్యా."

"ప్లగ్గు మార్చాను. వైరు మార్చాను. లోపల కరెంటు డబ్బా కూడా మార్చాను."

"ఆయన మార్చకుండా మిగిలింది నన్నొక్కదాన్నే" అంది వెనకాల నుంచి స్తెలియానా.

జాంఫీరా చూపు పక్కకి తిప్పుకుని అడిగింది. "మూత తీసి చూశావా?"

"చూశాను. ఉన్న ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయి. కొట్లో కొన్నదైతే ఏది ఎక్కడుండాలో ఎవరైనా చెబుతారు. ఇంట్లో కట్టిందాయె. కట్టినవాణ్ణే అడగాలి." అనేశాక నాలుక కరుచుకున్నాడు.

అతను వెళ్లాక స్తెలియానా దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"ఆయన నవ్వుతాడని చెప్పలేదు పిన్నీ. అది ఆరిపోయినప్పుడల్లా... ఆ గదిలో కుర్చీ వీపు తడిగా ఉంటోంది. చెమట పట్టినట్టు. నేను అందులో కూర్చోకపోయినా సరే."

ఆ రాత్రి కోద్రిన్ కల్లోకొచ్చాడు. చీకట్లో బల్ల ముందు కూర్చున్నాడు. ఇటు తిరగలేదు. చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది.

"వేడిగా ఉందమ్మా."

అంతే అన్నాడు. జాంఫీరా ఉలిక్కిపడి లేచింది. వేడి అంటే ఆమెకి తెలిసింది ఒక్కటే, పాపాత్ములుండే చోటు. నా బిడ్డ ఎవరికేం చేశాడని, చీమకి కూడా అపకారం చెయ్యలేదే అని మంచం మీద కూర్చుని కుళ్లికుళ్లి ఏడ్చింది. గోడ అవతల ఫ్యాను చల్లగా తిరుగుతోంది. టిక్... టిక్... ఏడుస్తున్నదల్లా ఆగి విన్నది. అప్పుడర్థమైంది. వాణ్ణి ఉడికిస్తున్నది దేవుడు కాదు, తనే.

అర్థమైనా వెంటనే ఇవ్వలేకపోయింది. ఇవాళ ఒక్కరోజు, ఇవాళ ఒక్కరోజు అనుకుంటూనే గడిపేసింది. మళ్లీ కల్లోకొచ్చినప్పుడు వాడు మాట్లాడలేదు. నోరు తెరిచి ఎగశ్వాస తీస్తున్నాడు.

ఆ మర్నాటి సాయంత్రం, మంచు పడుతూ అప్పుడే చీకటైపోతుంటే, ఫ్యాను చేతిరుమాలులో చుట్టుకుని కిందకి దిగింది.

"ఇది అందులోదే. నేనే తీశాను" అంది, బల్ల మీద పెట్టి.

స్తెలియానా ఆమె దగ్గరికి వచ్చి గట్టిగా పట్టుకుంది. జెలు మాత్రం, "అయ్యో పిన్నీ, నేనంత తెలివితక్కువవాణ్ణా అని రోజూ కుమిలిపోతున్నానే" అంటూ మూత తీశాడు. ఫ్యాను దాని చోట సరిగ్గా కూర్చుంది.

"స్క్రూలు మూడే ఉన్నాయి. నాలుగోది?"

"ఎక్కడో పడిపోయింది."

"మూడు చాల్లే."

జాంఫీరా చెయ్యి కోటు జేబులో ఉంది. ఆ చేతిలో స్క్రూ ఉంది. వాడి వేళ్లతో వాడు తిప్పి బిగించిన స్క్రూ. ఒక్కటి... ఇది ఒక్కటి ఉండనీ.

మిషను లేచింది. చాలాసేపు చూశారు. పెళ్లికూతుళ్లు ఒకరి తర్వాత ఒకరు తెర మీద నవ్వుతూ వెళ్లారు. ఆరిపోలేదు. స్తెలియానా కుర్చీ వీపు తడిమి చూసి, "పొడిగా ఉంది" అని గుసగుసగా అంది.

జాంఫీరా పైకొచ్చి దీపం వెయ్యకుండా, కోటైనా విప్పకుండా మంచం మీద కూర్చుంది. నిశ్శబ్దం మళ్లీ వచ్చి ఎదురుగా కూర్చుంది. బిడ్డ చల్లగా ఉంటే చాలు, నేనెలా ఉంటేనేం అని తనకి తనే చెప్పుకుంది.

అప్పుడు గోడ అవతల...

జుమ్మ్... టిక్.

గోడ వైపు తల తిప్పింది.

టిక్... టిక్...

లేచింది. తలుపు తోసింది. కొడుకు గది చీకటిగా ఉంది. బల్ల మీద ఏమీ లేదు. ఛార్జరు తీగలు రెండూ బోసిగా వేలాడుతున్నాయి. కానీ చప్పుడు అక్కడి నుంచే. సన్నటి గాలి ఆమె మొహానికి తగిలింది. చల్లటి గాలి.

"హాయిగా ఉందా నాన్నా?" అంది. కళ్ల నీళ్లు ధారగా కారుతున్నాయి, సంతోషంతో.

చప్పుడు మందగించింది. టిక్... ... టిక్... ...

ఆగిపోయింది.

గాలి వేడెక్కింది. కింది అంతస్తు నుంచి స్తెలియానా గొంతు సన్నగా వినపడింది. "జెలూ... మళ్లీ ఆరిపోయింది."

జేబులో స్క్రూ కాలుతోంది. జాంఫీరా దాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంది.

"రేపు ఇచ్చేస్తానురా. ఈ ఒక్క రాత్రి ఉండనీ. ఒక్క రాత్రి."

అరచెయ్యి కమురు వాసన వచ్చింది. అయినా పిడికిలి విప్పలేదు.

చీకట్లో ఎవరో ఆ చెయ్యి జేబులోంచి బయటికి తీశారు. కోద్రిన్ చిన్నప్పుడు మిఠాయి కోసం విప్పినట్టు, మెల్లగా, ఒక్కో వేలూ విప్పడం మొదలుపెట్టారు. ఆ చేతులు చెమటతో తడిసి ఉన్నాయి.