బందువడ్డ మిల్లుల ముగ్దర్ చప్పుడు

బయ్యారం నుంచి మహబూబాబాద్ పోయే తొవ్వల, మూలమలుపు కాడ ఒక బందువడ్డ రైస్ మిల్లున్నది. పొద్దుగూకినంక అక్కడ బండి ఆపేటోడు ఎవ్వడూ లేడు. ఒంటికొచ్చినా బిగబట్టుకొని ముందటి ఊరి దాకా పోతరు.

ఎందుకంటె... ఆ మిల్లుల మల్లయ్య ఉన్నడని.

మిల్లు నడిచిన రోజులల్ల మల్లయ్య హమాలీల మేస్త్రి. వడ్ల బస్తా ఎత్తాలంటె భుజం గట్టిగుండాలని పొద్దున్నే అందరితోని ముగ్దర్లు తిప్పించెటోడు. ముగ్దర్ అంటె గద లెక్క కింద లావు, పైన సన్నం ఉండే బరువు కట్టె. చేతికొకటి పట్టుకొని, తల ఎనుక నుంచి తిప్పి ముందటికి తెస్తె గాలి కోసినట్టు సుయ్... మంటది. ఒకనాడు బస్తాల దొంతర కూలి మీద వడి మల్లయ్య పోయిండు. తర్వాత మిల్లు మూతవడ్డది. మల్లయ్య మాత్రం కసరత్తు ఇడువలేదని జనం మాట. చీకటి వడితె చాలు, లోపటి నుంచి — సుయ్... సుయ్...

ఆటో నడిపే ఎల్లేశ్‌కు ఇసొంటి వాటి మీద నమ్మకం లేదు. అంటె, పగటి పూట లేదు. "సచ్చినంక గూడ కసరత్తు చేస్తాండంటె ఎంత పనిలేనోడు కావాలె," అని ఆటో అడ్డ మీద నవ్వెటోడు.

మొన్నటి వానకాలంల, ఒకనాడు మాపటీలి, వెంకటనర్సమ్మ అనే ముసలవ్వకు ఆయాసం లేసింది. మనుమరాలు మౌనిక ఫోన్ చేస్తె, ఎల్లేశ్ ఇద్దర్నీ ఎక్కించుకొని మహబూబాబాద్ దవాఖానకు బయలెల్లిండు. తొవ్వలనే చీకటి వడ్డది. అవ్వ గొంతుల పిల్లికూత. మౌనిక వీపు రుద్దుతనే ఉన్నది.

సరిగ్గ మిల్లు కాడ, ఎదురుంగ వచ్చే లారీ లైట్లు కండ్లల్ల కొట్టినయ్. ఎల్లేశ్ ఆటోను పక్కకు కోసిండు. ఎనుక చక్రం మెత్తటి మట్టిల దిగవడి, ఆటో మోరీ కాలువ అంచు మీద ఒరిగింది. లారీ ఆగలే.

ఎల్లేశ్ దిగి భుజం పెట్టిండు. కదల్లే. మౌనిక గూడ తోసింది. చక్రం ఇంకింత దిగింది. అడ్డ మీది దోస్తుకు ఫోన్ చేసిండు.

"ఏడున్నవ్ రా?"

"మిల్లు కాడ."

ఫోన్ కట్టయింది.

అప్పుడు ఇనవడ్డది.

సుయ్...

మౌనిక ఎల్లేశ్ అంగి పట్టుకున్నది. "అన్నా... గదేంది?"

"గాలమ్మా."

"గాలి దమ్ము తీసుకుంటదా?"

నిజమే. సుయ్ మన్నంక — హుఁ... అని ఎవరో ఊపిరి ఇడుస్తున్నరు. మళ్ల సుయ్... మళ్ల హుఁ...

ఎల్లేశ్ తెలిసిన దేవుండ్లందర్నీ తలుసుకున్నడు. ఎల్లమ్మ తల్లికి మొక్కిండు. కొంరెల్లి మల్లన్నా... అనంగనే నాలుక కరుసుకున్నడు. ఆ పేరుకు లోపటాయిన పలుకుతడేమోనని.

ఉరుకుదామంటె ఆటోల అవ్వ. ఫోన్ లైటు కొట్టి చూస్తె ఆమె పెదవులు నల్లవడ్డయ్. "ఎవర్నన్న పిలువు బిడ్డా..." అన్నది, ఒక్కో మాటకు ఒక్కో దమ్ము తీసుకుంట.

పిలిస్తె ఇనేటోడు అక్కడ ఒక్కడే ఉన్నడు.

ఎల్లేశ్ మిల్లు దిక్కు మర్లిండు. రెండు చేతులు నోటి కాడ పెట్టి పిలిచిండు. "మల్లయ్య కాకా... జర ఒక చెయ్యెయ్యరాదు."

చప్పుడు ఆగింది.

ఆగుడే ఇంకింత బుగులైంది. ఊక మీద అడుగులు... కర్... కర్... కూలిన గోడ సందుల నుంచి ఒక ఆకారం వచ్చింది. తల నుంచి మోకాళ్ల దాక గొంగడి. రెండు చేతులల్ల రెండు ముగ్దర్లు. వాటిని గోడకు ఆనిచ్చి, ఆటో కాడికి వచ్చి, హ్యాండిల్ పట్టుకోమని ఎల్లేశ్‌కు సైగ చేసింది.

ఎల్లేశ్ హ్యాండిల్ పట్టుకొని కండ్లు మూసుకున్నడు.

హుఁ...

ఆటో ఎనుక భాగం లేసింది. పక్కకు జరిగి, తొవ్వ మీద మెల్లగ కూసున్నది. మౌనికకు ఏమనాల్నో తెల్వక, "మంచిది కాకా," అన్నది. ఆకారం పోండ్రి అన్నట్టు చెయ్యి ఊపింది.

దవాఖానల మాస్కు పెట్టినంక అవ్వకు ఊపిరి తిరిగింది. ఇంటికొచ్చినంక ఆమె ముచ్చటే ముచ్చట. "మల్లయ్య ఎత్తిండు నన్ను, ఆటోతోని సహా. నా పెండ్లినాడు గూడ ఎవ్వడు గంత మర్యాదగ ఎత్తలే." ఎల్లేశ్ గూడ అడ్డ మీద అదే చెప్పిండు. ఈసారి ఎవ్వడు నవ్వలే.

కొన్నాళ్లకు మిల్లు అవతలి తండా నుంచి ఎల్లేశ్‌కు ఫోన్ వచ్చింది. చేసినామె పేరు మంగ్లీ. ఆమె మొగడు టీక్యా ఒకప్పుడు ఆ మిల్లులనే హమాలీ. శాన రోజుల కిందనే పక్షవాతం వచ్చి ఆయనకు ఒక దిక్కు పడిపోయింది. దవాఖానల చూపియ్యాలె.

ఎల్లేశ్ పోయి చూస్తె, మంచంల కొండంత మనిషి. "అక్కా, ఇంకో ఇద్దర్ని పిలుద్దామా?"

"అక్కర లేదు తమ్మి."

మంగ్లీ మోకాళ్లు వంచింది. మొగని వీపు కింద ఒక చెయ్యి, తొడల కింద ఒక చెయ్యి పెట్టింది.

హుఁ...

మిల్లు కాడ ఇన్న దమ్మే గదా అని ఎల్లేశ్ ఆమె దిక్కు ఎగాదిగ చూసిండు.

టీక్యాను సీట్ల కూసోవెట్టంగనే, ఆయన గర్వంగ అన్నడు: "చూసినవా తమ్మి? మొదట్ల నన్ను లేపవోయి నడుం పట్టి ఏడ్సింది. నా బరువు తగ్గాలని నేను తినుడే బంద్ చేసిన. ఇప్పుడేమో 'దూది లెక్కున్నవ్, ఇంకో రొట్టె తిను' అంటది. ఆ బలం యాడికెళ్లి వచ్చిందో."

మంగ్లీ ఎల్లేశ్‌ను ఆటో ఎనుకకు రమ్మని, గుసగుసగ చెప్పింది. "మిల్లుకు సద్ది తెచ్చినప్పుడల్ల చూసెదాన్ని, ఈళ్లు ముగ్దర్ ఎట్ల తిప్పుతరో. తన కోసం నేను గింత కష్టవడుతాన్నని తెలిస్తె ఈయన మళ్ల ముద్ద ముట్టడు. చెప్పకు తమ్మి."

"ఆ చీకట్ల ఒక్కదానివి... భయం కాదా అక్కా?"

"దయ్యమున్నదన్న పేరు వల్లనే గద ఎవ్వడు రాడు. ఆడిమనిషి ముగ్దర్ తిప్పుతాందని ఇగిలించెటోడు గూడ లేడు."

ఆటో మిల్లు దాటుతాంటె టీక్యా ముందటికి వంగిండు. "తమ్మి, మా మేస్త్రి నీకు కనవడ్డడట గద. ఎట్లున్నడు?"

ఎల్లేశ్ అద్దంల చూసిండు. మంగ్లీ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని బయటికి చూస్తాంది.

"మంచిగున్నడన్నా," అన్నడు ఎల్లేశ్, గేరు మార్చుకుంట. "భుజాలైతె మస్తు గట్టివడ్డయ్."