ఓడకెళ్లే బిడ్డకు ఎదురు

పొద్దున్నే వచ్చే విమానం ఇంటి కప్పు మీదుగా దిగిపోయింది. పొయ్యి మీది గిన్నె మూత కాసేపు గలగలలాడి ఊరుకుంది. భాగ్యమ్మ తల ఎత్తలేదు. ఆ కాలనీలో విమానం చప్పుడుకు తల ఎత్తేది చుట్టపుచూపుగా వచ్చినవాళ్లే.

ఆమె సర్వపిండి ఒత్తుతోంది. బియ్యప్పిండిలో నువ్వులు, శనగపప్పు మామూలు కంటే ఎక్కువే పడ్డాయి. బిడ్డ ప్రేమలత ఇవాళే ప్రయాణం. మధ్యాహ్నం విమానానికి ముంబై చేరి, అక్కడి రేవులో సరుకు నింపుకుంటున్న ఓడ ఎక్కాలి. ఓడ ఎవరి కోసమూ ఆగదు. సమయానికి రాకపోతే ఇంకొకరిని ఎక్కించుకుని పోతుంది. ఆ తర్వాత కంపెనీ మళ్లీ పిలుస్తుందన్న నమ్మకం లేదు.

ప్రేమలత సరుకు ఓడ మీద థర్డ్ ఆఫీసర్, వంతులవారీగా ఓడ నడిపే అధికారుల్లో ఒకతె. శంషాబాద్ చుట్టుపక్కల రైతుల ఆడపిల్లలు టీచర్లయ్యారు, నర్సులయ్యారు, పెళ్లిళ్లు చేసుకున్నారు. సముద్రం ఎక్కింది మాత్రం ఈ ఒక్కతే. విమానాశ్రయం కింద పొలం పోయిన ఏడాది తండ్రి కుర్మయ్య, "జొన్నచేను పోయింది, బిడ్డ సదువన్న ఉండనియ్" అని పంతం పట్టి ఆ చదువులో చేర్పించాడు. బిడ్డ తెల్ల యూనిఫాం వేసుకోవడం చూడకుండానే జ్వరంతో పోయాడు.

"అమ్మా, దీనికి అట్ట ఏసింది నువ్వేనా?" ప్రేమలత నవ్వు ఆపుకుంటూ వంటింట్లోకి వచ్చింది. చేతిలో లావుపాటి పుస్తకం. సముద్రపు దొంగల చరిత్ర అది. నిన్నటి దాకా దాని మీద నల్లజెండా, పుర్రె బొమ్మ ఉండేవి. ఇప్పుడు పాత క్యాలెండర్ మీది లక్ష్మీదేవి చిరునవ్వు నవ్వుతోంది.

"ప్రయాణం ముంగట పుర్రె బొమ్మేంది బిడ్డా? క్యాలెండర్ కాయితం ఉంటే ఏసిన."

"మా కెప్టెన్ సూస్తే వ్రతం పుస్తకం అనుకుంటడు."

"అనుకోనియ్. అయినా గీ దొంగల కతలు నీకెందుకే? పెట్టెల బట్టలు తక్కువ, గివ్వే ఎక్కువ."

ప్రేమలత పీట లాక్కుని పక్కన కూర్చుంది. "దొంగ ఎట్ల ఆలోచిస్తడో తెల్వకుంటే కాపలా ఎట్ల కాయాలె? గప్పటి దొంగలు గూడ మాలెక్క ఓడల మీద పనిచేసినోళ్లే అమ్మా. కడుపు మాడ్సి కొరడాతోని కొడితే తిరగబడ్డరు. కెప్టెన్ ఎవరుండాల్నో చేతులెత్తి ఎన్నుకునేటోళ్లు. తప్పు చేసిండ్రు, కాదంటలేను. కానీ తల వంచలే. గది నాకు ఇష్టం."

భాగ్యమ్మ పిండి మీద వేళ్లతో చిల్లులు పెడుతూ వింది. సగం అర్థమైంది, సగం కాలేదు. బిడ్డ కళ్లు మెరవడం మాత్రం బాగా అర్థమైంది. తండ్రి కూడా చేను సంగతి చెప్పేటప్పుడు అలాగే మెరిసేవాడు. ఈ బిడ్డను ఇవాళ క్షేమంగా గడప దాటించాలి. అందుకోసం భాగ్యమ్మ ఒక ఏర్పాటు చేసింది. అది బిడ్డకు చెప్పలేదు.

ముందు గదిలో టీవీ మోగుతోంది. ఆ ఏడాది, 2011లో, ఏ చానెల్ పెట్టినా సోమాలియా దొంగల వార్తే. కొడుకు మహేష్ విమానాశ్రయంలో సరుకులు దించే పనిలో ఉన్నాడు. చెల్లెలి ప్రయాణమని డ్యూటీ మార్చుకుని, టీవీ ముందు కూర్చుని తనలో తాను ఉడికిపోతున్నాడు. భార్య పురిటికి పుట్టింటికి పోయింది కాబట్టి ఆ ఉడుకు పడటానికి చెల్లెలే దొరికింది.

"దొంగల పుస్తకాలు సదివి సదివి దొంగల ముంగటికే పోతున్నవ్. పోయినసారి ఆళ్లు మీ ఓడ వెంటబడ్డది మరిచినవా?"

"వెంటబడ్డరు, దొరకలే గదా అన్నా. రేయిలింగు పొడుగూత ముండ్లతీగ సుట్టినం. మా పని బట్టలల్ల గడ్డి కుక్కి బొమ్మల్ని నిలబెట్టినం, మనుషులు కాపలా ఉన్నరనుకోవాలని. జొన్నచేనుల బాపు నిలబెట్టేటోడు సూడు, గట్లనే. దుర్బీనుల ఆళ్ల పడవను ముందుగాల సూసింది నేనే."

మహేష్ ఏదో అనేలోపు గేటు చప్పుడైంది. జల్‌పల్లి నుంచి మేనత్త సక్కుబాయి వచ్చింది. రూపాయి బిళ్లంత బొట్టు, తలనిండా పూలు, కొత్త చీర. ఆమె రాకను చూసి ప్రేమలత మురిసిపోయింది. భాగ్యమ్మ మాత్రం చేతులు కడుక్కుని, కొంగు తల మీదికి లాక్కుని, పెరటి తలుపు వైపు నడిచింది.

"ఎటు పోతున్నవమ్మా? టాక్సీ వచ్చే యాళ్లైంది."

"పక్కింటి పోచమ్మ కాడ జర పనుంది బిడ్డా. నువ్వు పోయి రా. సర్వపిండి డబ్బల పెట్టిన."

"నేను పోతుంటే నీకు ఇంకొకళ్ల ఇంట్ల పనేంది?"

భాగ్యమ్మ పెరటి తలుపు గడియ మీద చేయి వేసింది. సక్కుబాయికి నోట మాట ఆగదు. "మీ అమ్మనే నన్ను పిలిపిచ్చింది. నేను నీళ్ల బిందెతోని ఎదురొస్త, నువ్వు మంచిగ పో. పోయినసారి ఏమైంది? నువ్వు గడప దాటంగనే నల్లా కాడి నుంచి బిందె ఎత్తుకొని మీ అమ్మ ఎదురొచ్చింది. ముండమోసిన మొకం ఎదురైతే ఊకె పోతదా? సముద్రంల దొంగలు పడ్డరు."

ప్రేమలత తల్లి వైపు చూసింది. తల్లి గోడ వైపు చూసింది. ఆ చూపులోనే అన్నీ తెలిసిపోయాయి. అప్పటినుంచి తల్లి ఫోన్లో గొంతు ఎందుకు బిగబట్టి మాట్లాడిందో, పహాడీ షరీఫ్ మెట్లెక్కి దర్గాలో ఎందుకు మొక్కుకుందో, ఇంత దగ్గరలో విమానాశ్రయం ఉన్నా సాగనంపడానికి గానీ తోడ్కొని రావడానికి గానీ ఒక్కనాడూ ఎందుకు రాలేదో.

"నిజమేనా అమ్మా? నీ వల్లనే దొంగలొచ్చిన్రని అనుకుంటున్నవా?"

"నా వల్ల కాకుంటే ఇంకెవరి వల్ల బిడ్డా? సూస్కోకుంట వచ్చిన. గా బిందె కింద పడేసి ఉరికినా బాగుండు."

ప్రేమలత పెట్టెను ఈడ్చుకొచ్చి గడపకు అడ్డంగా పెట్టి, దాని మీద కూర్చుంది. బయట టాక్సీ హారన్ కొట్టింది.

"అమ్మ ఎదురొస్తేనే లేస్త. లేకుంటే ఓడ పోనియ్."

మహేష్‌కు చిర్రెత్తుకొచ్చింది. "గింత కష్టపడి తెచ్చుకున్న నౌకరి. జిద్దు చేసి పోగొట్టుకుంటవా?"

"పోనియ్ అన్న గదా. అన్నా, నేను మొదటిసారి ఓడ ఎక్కిననాడు ఏమన్నరో తెల్సా? ఆడమనిషి ఓడ మీదుంటే అరిష్టం అన్నరు. మా వంటాయన నా మొకం సూడకుంట గిన్నె తోసేటోడు. గీ మాట ఇప్పటిది కాదు. గా పుస్తకాలల్ల వందల ఏండ్ల కింద గూడ గదే మాట. గప్పుడు ఇద్దరు ఆడోళ్లు మొగ బట్టలేసుకొని దొంగల ఓడ ఎక్కిన్రు. పట్టుకునేటోళ్లు వచ్చిననాడు మొగోళ్లంత తాగి కింద దాక్కున్నరు. పైన నిలబడి కొట్లాడింది ఆ ఇద్దరే. మరి అరిష్టం ఎవరు?"

ప్రేమలత చూపు తల్లి మీదికి తిప్పింది.

"నన్ను అరిష్టం అన్నోళ్ల మధ్యల నేను తల వంచుకోకుంట నిలబడ్డ. ఇంటికొస్తే మా అమ్మ తలుపు సాటుకు దాక్కుంటది. గట్లైతే నేను ఎవరి మీద గెలిచినట్టు? గా దినం దొంగలు నిచ్చెనలు పట్టుకొని మా ఓడ అంచు దాకా వచ్చిన్రు. వచ్చి గూడ ఎనకకు పోయిన్రు. వచ్చింది అమ్మ ఎదురు వల్లనైతే, పోయింది గూడ అమ్మ ఎదురు వల్లనే. లెక్కంటే రెండు దిక్కులా లెక్కే."

హారన్ మళ్లీ మోగింది. ఈసారి పొడుగ్గా.

భాగ్యమ్మ ఎదురుపోతే బిడ్డకు కీడు, పోకపోతే బిడ్డ బతుకుతెరువు పోతుంది. ఆ భయంలోనే ఎందుకో కొడుకు పెళ్లి గుర్తుకొచ్చింది. వంటింటి తలుపు సందులోంచి తలంబ్రాలు చూసింది తాను. సొంత కొడుకు పెళ్లిని దొంగచాటుగా చూసింది. కుర్మయ్య అది చూసి ఉంటే ఆ తలుపు పగలగొట్టి ఉండేవాడు. ఇన్నేళ్లు దుఃఖమనుకున్నది దుఃఖం కాదు, కోపం.

ఆమె తల మీది కొంగు తీసి నడుముకు దోపింది. ఇత్తడి బిందె అందుకుని వాకిట్లోని నల్లా కింద పెట్టింది.

"భాగ్యమ్మా, వద్దు. సిన్నపిల్లది, ఏదో అంటది," సక్కుబాయి అడ్డం వచ్చింది.

"వదినా, నా పెనిమిటి పోయిండు. నేను పోలే." భాగ్యమ్మ గొంతు తనకే కొత్తగా వినబడింది. "నవమాసాలు మోసిన బిడ్డకు నేను ఎదురొస్తే కీడైతే, ఇగ మంచి అన్నది ఎవరికాడుంది? సెప్పు."

సక్కుబాయి పక్కకు జరిగింది. తన పెళ్లిలో తల్లి ఎక్కడుందో మహేష్ ఒక్కసారి కూడా అడగలేదు. ఆ సంగతి ఇప్పుడు గుర్తొచ్చినట్టుంది. నల్లా దగ్గరికి వచ్చి, "అమ్మా, నిండ పట్టు," అన్నాడు మెల్లగా. నిండిన బిందెను తానే ఎత్తి తల్లి చంకకు అందించి, చెల్లెలి పెట్టె తీసుకున్నాడు.

భాగ్యమ్మ గేటు దాకా పోయి వెనక్కి తిరిగింది. పోచమ్మ గోడ మీంచి చూస్తోంది, వీధిలో ఇంకా ఇద్దరు ముగ్గురు నిలబడ్డారు. చూడనియ్ అనుకుంది. బిందెలో నీళ్లు తొణికి పైట తడిసింది. గడప లోపలి నుంచి ప్రేమలత కుడికాలు ముందు పెట్టి బయటికి నడిచింది. వాకిలి మధ్యలో ఇద్దరూ ఎదురెదురుగా ఆగారు. బిడ్డ బిందెలో చేయి ముంచి ఆ నీళ్లు కళ్లకద్దుకుంది. ఏవి బిందె నీళ్లో ఏవి కన్నీళ్లో ఇక తెలియలేదు. వెనకనుంచి సక్కుబాయి వచ్చి తన తలలోని పూలు తీసి భాగ్యమ్మ బిందె మీద పెట్టింది.

టాక్సీలో కూర్చున్నాక ప్రేమలత అద్దం దించింది. "పోయొస్తనమ్మా. మల్ల వచ్చినప్పుడు గీ గేటు కాడనే నిలబడు."

"గేటు కాడెందుకు నిలబడ్త?" భాగ్యమ్మ బిందె చంక మార్చుకుంది. "గా విమానం దిగే కాడికే ఎదురొస్త. అది మన జొన్నచేనే గదా బిడ్డా, తొవ్వ నాకు ఎరుకే."